తెర మీద వాడ – 6: మాలపిల్ల ఎటు పోయింది?



పోయిన భాగంలో సినిమా పాటల గురించి రాశాను. ఈసారి కథల దగ్గరికొద్దాం. ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ ఏడెనిమిదేళ్లలో వచ్చినవి, నాకు నచ్చినవి, మీలో చాలామంది చూసినవి ఏడు తెలుగు సినిమాలు తీసుకుంటున్నాను.

రంగస్థలం, 2018. హత్యకి గురైన కుమార్ బాబు ప్రేమించింది పై కులం నాయకుడి కూతుర్ని. కలర్ ఫోటో, 2020. నల్లటి పేదింటి జయకృష్ణ, తెల్లటి పిల్ల దీప్తి. ఉప్పెన, 2021. చేపలు పట్టే ఇంటి ఆశీర్వాదం, పెద్దింటి బేబమ్మ. శ్రీదేవి సోడా సెంటర్, 2021. లైటింగ్ పని చేసే సూరిబాబు, అతని కన్నా పై కులం శ్రీదేవి. లవ్ స్టోరీ, అదే ఏడాది. దళిత క్రైస్తవుడు రేవంత్, పటేళ్ల మౌనిక. అంబాజీపేట మ్యారేజీ బ్యాండు, 2024. క్షురకుల ఇంటి మల్లి, ఊరి పెద్దమనిషి వెంకట్ ఇంటి లక్ష్మి. కోర్ట్, 2025. వాచ్‌మన్ కొడుకు చందు, డబ్బున్న ఇంటి జాబిలి.

ఏడు సినిమాలు, ఏడుగురు దర్శకులు. ఒక్కోటీ ఒక్కో ఊళ్లో జరుగుతుంది. ఒకదాంట్లో కులం అని చెప్తారు, ఇంకోదాంట్లో రంగు అంటారు, మరోదాంట్లో హోదా అంటారు. అమరిక మాత్రం ఒకటే. అబ్బాయి కింద, అమ్మాయి పైన. తన్నులు తినేది, చచ్చేది, జైలుకి పోయేది అబ్బాయి. ఏడ్చేదీ, ఎదిరించేదీ, కొన్నిచోట్ల ప్రాణం పోగొట్టుకునేదీ పైకులం అమ్మాయి.

మరి మన పిల్ల ఎక్కడుంది?

వాడలో పుట్టి పెరిగిన ఆడపిల్ల ఈ ఏడు కథల్లో ఎవరికి నాయిక? ఎవరికీ కాదు. ఉంటే హీరోకి అక్కగా, అమ్మగా, గుంపులో ఒక ముఖంగా ఉంటుంది. ఆమె ఎవర్నైనా ప్రేమిస్తుందా, కాదంటుందా, ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతుందా, ఇంట్లోంచి వెళ్లిపోతుందా, మనకి తెలీదు. కెమెరా ఆమె వెనకాల నడిచి ఆమె ఇంటి దాకా వెళ్లనే లేదు.

ఇవి పనికిరాని సినిమాలని చెప్పడానికి ఈ లెక్క వెయ్యలేదు. వీటిలో సగం నేను రెండేసి సార్లు చూశాను. మా తరం చిన్నప్పుడు హీరోకి కులం ఉండేది కాదు, ఇంటి పేరు మాత్రం ఉండేది. ఆ పేరు చెప్పి తొడ కొట్టేవాడు. మనం నేల క్లాసులో కూర్చుని ఆ తొడకి చప్పట్లు కొట్టేవాళ్లం. అక్కణ్ణుంచి 2020లో పలాస 1978 దాకా రావడం చిన్న ప్రయాణం కాదు. కరుణకుమార్ ఆ సినిమాలో శ్రీకాకుళం యాసని, కళాకారుల కులాన్ని, షావుకార్ల రాజకీయాన్ని దాచకుండా పెట్టాడు. ఉప్పెనలో హీరో పేరు ఆశీర్వాదం అని విన్నప్పుడు హాల్లో నా పక్కన కూర్చున్న మా చిన్న తమ్ముడు నా మోచెయ్యి గోకాడు. మా పేటలో ఆశీర్వాదాలు నలుగురున్నారు. తెలుగు సినిమాలో ఆ పేరు జోకరుకి పెట్టేవాళ్లు గానీ హీరోకి కాదు.

కాబట్టి నేనడిగేది బయటివాళ్ల ప్రశ్న కాదు. ఈ సినిమాలు ప్రేమించినదానిగా అడుగుతున్నాను. కులం గురించి మాట్లాడ్డం నేర్చుకున్న తెలుగు సినిమా, మాట్లాడ్డం నేర్చుకుంటూనే మన ఆడపిల్లని ఎందుకు మర్చిపోయింది?

మర్చిపోయింది అని ఊరికే అనడం లేదు. ఒకప్పుడు గుర్తుంది.

1938లో గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీశాడు. సారథి ఫిలిమ్స్ వాళ్ల సినిమా. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. పూజారి కొడుకు నాగరాజు, మాలపిల్ల శంపాలత. కాంచనమాల వేసింది. గుడి ప్రవేశం మీద దేశమంతా కొట్టుకుంటున్న కాలం అది. ట్రావెన్‌కూర్‌లో 1936లో గుళ్లు తెరిచారు, మన మద్రాసు రాష్ట్రంలో చట్టం రావడానికి 1939 దాకా ఆగాలి. అప్పుడు ఊరూరా గోడల మీద ఈ పేరు అతికించారు. మన కులం పేరు, అదీ ఆడపిల్ల పేరుగా, సినిమా పేరుగా. ఆ సినిమా గాంధీ గారి దారిలోదే, సంస్కర్తల దయ దాంట్లో బోలెడు కనిపిస్తుంది. పెద్దవాళ్ల మనసు మారితే అంతా సర్దుకుంటుందని నమ్మిన సినిమా. ఆ విమర్శ ఎంతైనా చెయ్యొచ్చు, పీహెచ్‌డీ రోజుల్లో నేనూ చేశాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. కథ మధ్యలో నిలబడింది ఆమె.

తర్వాత ఏమైంది? 1981లో సప్తపది వచ్చింది. బ్రాహ్మణ అమ్మాయి హేమ, హరిజనుడైన ఫ్లూటు కళాకారుడు హరిబాబు. బొమ్మ తిరగబడింది చూశారా. 1988లో రుద్రవీణలో శోభన వేసిన లలిత ఉంది, ఆమెది కింది కులం. అదే ఏడాది బి. నరసింగరావు దాసి వచ్చింది. గడీలో నలిగిపోయే కమలాక్షి పాత్రకి అర్చనకి జాతీయ అవార్డు ఇచ్చారు. ఇలా వెతికితే వేళ్ల మీద లెక్కకొస్తాయి. ఈ పదేళ్లలో ‘కులం సినిమా’ అనేది ఒక కొత్త వరసగా వచ్చాక, ఆ వేళ్లు కూడా ముడుచుకున్నాయి.

ఎందుకు?

దీనికి జవాబు సినిమా పుస్తకాల్లో దొరకదు, బాబాసాహెబ్ దగ్గర దొరుకుతుంది. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో ఆయన కులాల పుట్టుక మీద ఒక పేపర్ చదివాడు. అప్పటికి పాతికేళ్ల కుర్రాడు. ఆయన చెప్పింది నా మాటల్లో ఇది: కులాన్ని నిలబెట్టేది సొంత కులంలోనే పెళ్లి అనే కట్టుబాటు. ఆ కట్టుబాటు నిలవాలంటే ఆడదాన్ని కట్టడి చెయ్యాలి. సతి, బలవంతపు వైధవ్యం, పసిపిల్లల పెళ్లిళ్లు అన్నీ అందుకోసం పుట్టినవే.

అంటే కులం కోటకి గేటు ఆడపిల్ల. గేటు కాసేవాళ్లకి తమ ఇంటి పిల్ల బయటికి వెళ్తుందేమోననే భయం. మన సినిమా కెమెరా కూడా ఆ గేటు దగ్గరే నిలబడింది. వాళ్ల పిల్ల గేటు దాటితే అది కథ. కత్తులు వస్తాయి, కార్లు వస్తాయి, ఇంటర్వెల్ వస్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భవతైన భార్య పక్కనుండగానే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆమె తండ్రి డబ్బిచ్చి చేయించాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, మిగతావాళ్లకి యావజ్జీవం వేసింది. ఇలాంటి ఘోరాలు జరుగుతున్న నేల మీద ఆ కథలు చెప్పాల్సిందే. చెప్పొద్దని ఎవరన్నారు?

కానీ అటువైపు అబ్బాయి మన పేటలోకి వస్తే ఏం జరుగుతుంది? అక్కడ పరువు పోదు. ‘కుర్రాడు కదా’ అంటారు. పెళ్లి చేసుకుంటానని రెండేళ్లు తిరిగి, కడుపొచ్చాక ఫోను ఎత్తడు. పెద్దమనుషులు కూర్చుంటారు, రేటు మాట్లాడతారు. మేము సంఘం తరఫున పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన కేసుల్లో ఇలాంటివే ఎక్కువ. చంపడాలుండవు, ఛేజింగులుండవు, టీవీ వాన్లు రావు. ఒక ఇరవయ్యేళ్ల పిల్ల చదువు మానేసి, అమ్మమ్మ ఊరికి వెళ్లిపోతుంది. సినిమా భాషలో దీనికి ‘డ్రామా లేదు’ అంటారు.

వాళ్ల ఆడపిల్ల ప్రేమ పరువు సమస్య. మన ఆడపిల్ల ప్రేమ సెటిల్‌మెంట్ సమస్య. ఈ తేడా సినిమావాళ్లు కనిపెట్టింది కాదు, ఊళ్లో ఉన్నదే. కాకపోతే ఊరి కన్నుతోనే వాళ్లూ చూశారు. కులాన్ని తిడుతూ తీసిన సినిమాలో కూడా, ఎవరి కన్నీళ్లకి విలువుంది అనే లెక్క కులమే వేసింది.

చట్టానికే ఆమె సరిగా కనిపించని దేశం ఇది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. పుట్టుకతో చూపులేని దళిత యువతి మీద అత్యాచారం. ఆమె ఆడది, దళితురాలు, చూపులేనిది, ఈ మూడూ కలిసి ఆమె మీద ఎలా పడతాయో విడదీసి చూడకూడదని జడ్జీలు చాలా వివరంగా రాశారు. అత్యాచారానికి వేసిన యావజ్జీవాన్ని ఉంచారు. కానీ కులం కారణంగానే చేశాడనడానికి సాక్ష్యం చాలదని అట్రాసిటీ సెక్షన్ కింద పడిన శిక్షని కొట్టేశారు. అంత చక్కగా అర్థం చేసుకుని రాసిన తీర్పులో కూడా చివరికి ఆమె కులం రుజువు కాలేదు. సినిమావాడికి ఆమె కనపడలేదంటే ఆశ్చర్యమేముంది?

సరే, ఇప్పుడు మన కోనసీమకి వద్దాం.

తెలుగు సినిమాకి కోనసీమ అంటే కొబ్బరి చెట్టు, కాలవ, పడవ, పెంకుటిల్లు, పూతరేకు. మాటకి ముందు ‘ఆయ్’, మాట చివర ‘అండి’. 2017 సంక్రాంతికి వచ్చిన శతమానం భవతి మన ఆత్రేయపురంలో జరిగే కథ. జాతీయ అవార్డు కూడా వచ్చింది. మా అమ్మకి చాలా ఇష్టమైన సినిమా, టీవీలో వస్తే ఛానల్ మార్చనివ్వదు. పిల్లల కోసం ఎదురుచూసే ముసలి దంపతుల బాధ నిజమైనదే. కానీ ఆ పెద్దింట్లో ధాన్యం ఎవరు తూర్పారబట్టారు, ఆ వాకిలి ఎవరు ఊడ్చారు, ఆ కొబ్బరి ఎవరు వొలిచారు అని అడిగితే ఆ ఊరు మాయమైపోతుంది. సుకుమార్ మన రాజోలు దగ్గర మట్టపర్రు మనిషి. ఆయన రంగస్థలం ఊరిని హైదరాబాద్‌లో సెట్ వేసి కట్టించాడు. ఆ సెట్‌లో మట్టి ఉంది, కరెంటు స్తంభం ఉంది, సొసైటీ ఉంది. కులం మాత్రం సినిమా చివరి అరగంటలో గానీ బయటపడదు. మట్టపర్రులో అయినా మలికిపురంలో అయినా మనకి అది పొద్దున్న లేచి టీ తాగేలోపు తెలుస్తుంది.

శ్రీదేవి సోడా సెంటర్ 2021 ఆగస్టు 27న వచ్చింది. అమలాపురం చుట్టుపక్కల కథ. కులం కోసం కూతుర్ని తండ్రే చంపుకునే సినిమా. చూసి వచ్చినవాళ్లు కొందరు ‘మన కోనసీమలో ఇలా ఎక్కడుందండీ, పచ్చటి ప్రాంతాన్ని చెడగొడుతున్నారు’ అన్నారు. తొమ్మిది నెలలు గడిచాయి. 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఆ పేరు పెట్టిన జిల్లాలోనే ఇప్పుడు మనం బతుకుతున్నాం. ఆ రోజు తర్వాత ‘ఇలా ఎక్కడుందండీ’ అన్న గొంతు నాకు మళ్లీ వినపడలేదు.

2024 ఫిబ్రవరి 2న అంబాజీపేట మ్యారేజీ బ్యాండు వచ్చింది. దాంట్లో మల్లికి గుండు గీసి అవమానిస్తారు. ఆ సీన్ దగ్గర హాలంతా నిశ్శబ్దమైపోయింది. కోనసీమలో గుండు అంటే ఉత్త సీన్ కాదు. 1996 డిసెంబరు 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకుల్ని కొట్టి, వాళ్లలో ఇద్దరికి గుండు గీశారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు ఎప్పుడొచ్చిందో తెలుసా? 2024 ఏప్రిల్ 16న. సినిమా విడుదలైన రెండున్నర నెలలకి, నేరం జరిగిన 27 ఏళ్లకి. శిక్ష 18 నెలలు. సినిమాలో న్యాయానికి రెండున్నర గంటలు చాలు.

అయితే ఆ సినిమాలో నన్ను నిలబెట్టింది మల్లి కాదు, అతని కవల అక్క పద్మ. శరణ్య వేసింది. పద్మ గవర్నమెంట్ స్కూల్లో టీచరు. ఆమె ఉద్యోగం చుట్టూ ఊరు అల్లిన పుకార్లు, ఆమె మీద పడిన అవమానం, దానికి ఆమె తలొంచకపోవడం, ఇవి చూస్తున్నప్పుడు సినిమాకి అసలు హీరో దొరికిందనిపించింది. వెంకట్ మీద ఆమె తిరగబడిన సీన్‌కి మా హాల్లో విజిల్స్ వేసింది ఆడవాళ్లే. పద్మ దళితురాలు కాదు, బీసీ ఇంటి ఆడపిల్ల. అయినా ఆ రోజు ఆమె మనది. కానీ చూడండి, పోస్టరు మీద పెద్ద బొమ్మ మల్లిది. కథ మొదలైంది మల్లి ప్రేమతో. పద్మ కథలోకి వచ్చింది తమ్ముడి ప్రేమ తాలూకు దెబ్బ తగలడానికి. తగిలాక ఆమె సినిమాని తన చేతుల్లోకి తీసుకుంది, అది దర్శకుడు దుష్యంత్, నటి శరణ్య గొప్పతనం. పద్మ దగ్గరే మొదలయ్యే సినిమా ఒకటి ఎందుకు రాకూడదు?

ఇక్కడ సినిమా తయారీ సంగతి కాస్త మాట్లాడాలి. ఎందుకంటే కథలో మన పిల్ల లేకపోవడానికి కారణం కథకుడి బుర్ర ఒక్కటే కాదు.

తెలుగు సినిమాకి చామనఛాయ కావాల్సొచ్చినప్పుడు రంగు పూస్తుంది. రంగస్థలంలో రామలక్ష్మికి, పుష్పలో శ్రీవల్లికి, దసరాలో వెన్నెలకి ముదురు మేకప్ వేశారు. సమంత, రష్మిక, కీర్తి సురేష్ ముగ్గురూ బాగా చేశారు, వాళ్లని తప్పు పట్టడం లేదు. ఆ రంగు పుట్టుకతో ఉన్న పిల్లలు జిల్లాకి వేలల్లో ఉంటే, ఆ రంగుని డబ్బాలో కొనుక్కోవడం ఏమిటని నా ప్రశ్న. గొంతు కూడా అంతే. మన యాస మాట్లాడే నాయికకి చాలాసార్లు ఇంకెవరో డబ్బింగ్ చెప్తారు. ముఖం ఒకరిది, రంగు డబ్బాది, గొంతు మరొకరిది. ఇంక ఆమెలో మన పిల్ల ఎక్కడ మిగిలింది?

ఓసారి మా లంకల వైపు ఒక యూనిట్ వచ్చింది. నాట్లు వేసే సీన్. మా పేట ఆడవాళ్లని రోజు కూలికి పిలిచారు. అందరికీ ఒకే రకం మెరిసే చీరలిచ్చారు. ‘నవ్వుతూ వెయ్యండమ్మా’ అన్నాడు అసిస్టెంటు. మా పెద్దమ్మ వెనక్కి తిరిగి, ‘నాట్లేస్తా ఎవరన్నా నవ్వుతారా బాబూ, నడుం విరిగిపోద్ది’ అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వునే తీసుకుని వెళ్లిపోయారు. సినిమాలో ఆ షాట్ నాలుగు సెకన్లుంది. ఆ మాట లేదు. నాకైతే ఆ షాట్ కన్నా ఆ మాటే మంచి సినిమా.

మలయాళంలో మొదటి సినిమా విగతకుమారన్‌లో నాయిక పి.కె. రోజీ. దళిత క్రైస్తవురాలు. తెర మీద నాయర్ స్త్రీగా కనపడిందని జనం దాడి చేశారు. ఆమె తిరువనంతపురం వదిలి పారిపోయి, తమిళనాడులో వేరే పేరుతో బతికింది. సినిమా మన ఆడపిల్లని మొదటి రోజే గెంటేసింది. ఇప్పుడు చెన్నైలో పా. రంజిత్ వాళ్ల నీలం సంస్థ ఆమె పేరు మీద సినిమా పండగ చేస్తోంది. గెంటేసిన మనిషి పేరు గుమ్మం మీద రాయడం కూడా ఒక పోరాటమే.

రంజిత్ 2022లో తీసిన నట్చత్తిరం నగర్గిరదు చూడనివాళ్లు చూడండి. నాయిక రెనే దళిత యువతి. నాటక బృందంలో పని చేస్తుంది. ప్రేమించినవాడు కులం పేరుతో మాట తూలితే వదిలేస్తుంది. వదిలేశాక కుమిలిపోదు. పాట వింటుంది, వాదిస్తుంది, నవ్వుతుంది, తను అంబేద్కరైట్‌నని చెప్పుకుంటుంది. హిందీలో నీరజ్ ఘేవాన్ 2021లో తీసిన గీలీ పుచ్చీ గంటలోపు సినిమా. ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసే భారతీ మండల్‌కి రావాల్సిన ఆఫీసు ఉద్యోగం బ్రాహ్మణ అమ్మాయికిస్తారు. భారతి ఏడవదు, ఎత్తు వేస్తుంది. ఆమె మంచిదా చెడ్డదా అని మనం రెండు రోజులు ఆలోచిస్తాం. మన ఆడపిల్లకి తెర మీద అంత మాత్రం స్వేచ్ఛ కావాలి, తెలివిగా ఉండడానికి, తప్పుగా ఉండడానికి కూడా.

ఇది ఎందుకంటున్నానంటే, ‘సరే మేడమ్, దళిత హీరోయిన్‌ని పెడతాం’ అని ఎవరైనా బయల్దేరితే మొదటి పది నిమిషాల్లో ఆమె మీద అత్యాచారం చేయించి, మిగతా రెండు గంటలు హీరో చేత పగ తీర్పిస్తారని నా భయం. ఆమె చావు హీరో కోపానికి పెట్రోలు కాకూడదు. నాకు అలాంటి నాయిక వద్దు. ఆమె బతకాలి. సినిమా అయ్యేదాకా బతకాలి.

‘మీరే తీసుకోవచ్చుగా’ అంటారు కొందరు. న్యాయమైన మాటే. తీస్తున్నారు కూడా. పేటల్లో కుర్రాళ్లు ఫోన్లతో షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు, ఎడిటింగ్ నేర్చుకుంటున్నారు. కానీ అక్కడ కూడా కథ వినండి: మనోడు, వాళ్ల పిల్ల. తమ్ముళ్లూ, మీకే చెప్తున్నాను. మీ పక్కింట్లో మీతోపాటే పెరిగిన పిల్ల మీ కెమెరాలో ఎందుకు పడడం లేదు? ఊరు మనల్ని చూడని కన్నుతో మనం మన ఆడవాళ్లని చూడొద్దు. నేను మాలపిల్ల, మాలపిల్ల అంటున్నాను గానీ, మాదిగపిల్ల గురించి మాల తమ్ముడు తీసిన సినిమా, రెల్లి పిల్ల గురించి ఎవరైనా తీసిన సినిమా చూపించండి చూద్దాం. మనలో మనకీ ఉన్నాయి గేట్లు.

తెర మీద బొమ్మకి ఏం బలముందని అడిగేవాళ్లకి మన మామిడికుదురు గుర్తుచేస్తాను. బోయి భీమన్న పుట్టిన ఊరు. ఆయన పాలేరు నాటకం ఊరూరా ఆడారు. పాలేరు కుర్రాడు చదువుకుని ఆఫీసరయ్యే కథ. అది చూసి కొడుకుల్ని బడికి పంపామని చెప్పే ముసలివాళ్లు నా చిన్నప్పుడు కూడా ఉండేవాళ్లు. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ చూడని దృశ్యం అది, స్టేజీ మీద ముందు చూశారు, తర్వాత ఇళ్లల్లో చూశారు. కొడుకులకి ఆ నాటకం దొరికింది. కూతుళ్లకి?

నా క్లాసులో ఆడపిల్లలే ఎక్కువ. పేటల నుంచి ఆటోలెక్కి వస్తారు. కాలేజీకి రాకముందే ఒక పూట పని చేసి వస్తారు కొందరు. ఆ మధ్య నాటకం పాఠం చెప్తూ, మీ జీవితం మీద సినిమా తీస్తే మొదటి సీన్ ఏమిటో రాయమన్నాను. అబ్బాయిలు ఫైటు రాశారు. ఒక అమ్మాయి ఇలా రాసింది: రాత్రి పదకొండింటికి అమ్మ కువైట్ నుంచి ఇమోలో కాల్ చేస్తుంది. నెట్ ఆగి ఆగి వస్తుంది. అమ్మ ముఖం ఆగిపోయినప్పుడల్లా నేను స్క్రీన్‌షాట్ తీసుకుంటాను. ఇప్పటికి నా దగ్గర మూడొందల అమ్మలున్నారు.

నేను ఆ కాగితం చదివి బయటికి వెళ్లి కాసేపు వరండాలో నిలబడ్డాను.

కోనసీమలో ఈ కథ లేని పేట లేదు. మా పిన్ని కూడా ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్లి పద్నాలుగేళ్లు చేసింది. పాస్‌పోర్ట్ కఫీలు దగ్గర, నిద్ర వంటింటి పక్క గదిలో. వేరేవాళ్ల పిల్లల్ని ఎత్తుకుని పెంచింది, తన పిల్లల్ని అమ్మమ్మ పెంచింది. ఆ డబ్బుతో పాక పోయి డాబా లేచింది, ఇద్దరు ఆడపిల్లలు నర్సులయ్యారు. ఊళ్లోకి తిరిగొచ్చాక, ఒకప్పుడు తను కళ్లాపి జల్లిన ఇంటి ముందు నుంచే స్కూటీ మీద వెళ్తుంది. ఆ ఇంటి ముసలాయన ఇప్పటికీ ‘ఏమే’ అనే పిలుస్తాడు. మా పిన్ని బండి ఆపదు.

2024లో మలయాళం ఆడుజీవితం తెలుగులో కూడా వస్తే మా వైపు గల్ఫ్ కుటుంబాలన్నీ వెళ్లి ఏడ్చి వచ్చాయి. ఎడారిలో మేకలు కాసిన మగవాడి కథ. గొప్ప సినిమా. చూసి వచ్చి మా పిన్ని ఒకే మాటంది: ‘ఆడికి కనీసం ఆకాశం కనపడేది. మాకు గోడలే.’

చూడండి, సినిమా ఎక్కడుందో. అటు కువైట్ గోడలున్నాయి, ఇటు కొబ్బరి తోటలున్నాయి. పరువుంది, పగుంది, ప్రేముంది, డబ్బుంది, కులముంది. బండి ఆపకుండా వెళ్లిపోయే ఆడమనిషి ఉంది. డ్రామా లేదన్నవాళ్లు ఒకసారి మా ఊరు రావాలి. ఫైనాన్షియర్లకి, నిర్మాతలకి నేను ఉత్తరాలు రాయను. కానీ మా క్లాసులో ఆ మూడొందల స్క్రీన్‌షాట్ల పిల్ల ఉంది. ఆమె రాయగలదు. ఆమెతో ఇంకో ముగ్గురు రాస్తున్నారు. ప్రతి శనివారం సాయంత్రం కూర్చుంటున్నాం, ఒక్కో సీన్ చదువుకుంటున్నాం. కెమెరా పట్టుకోవడం వచ్చిన తమ్ముళ్లెవరైనా రాజోలు, అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కల ఉంటే చెప్పండి. ఒకటే షరతు: కథ మార్చకూడదు.

మిగతా మిత్రులకి చిన్న పని. మన పేట పిల్ల నాయికగా, చివరిదాకా బతికి ఉన్న తెలుగు సినిమా మీకేదైనా గుర్తుంటే పేరు రాయండి. నా లెక్క తప్పని తేలితే నాకన్నా సంతోషించేవాళ్లుండరు.

ఏడో భాగంలో సినిమా హాళ్ల గురించి, నేల క్లాసు ఎత్తేశాక మనం ఎక్కడ కూర్చున్నామో మాట్లాడుకుందాం.

జై భీమ్. జై సావిత్రీబాయి.